ఎలుక కంటికి ఏ కొలత?

కలిగిరి, వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఏ రోడ్డు పట్టుకున్నా జీవాల మంద ఒకటైనా ఎదురొచ్చి బస్సును నిలబెడుతుంది. ఆ మందలో నెల్లూరు గొర్రెల్లో ఒక రకమైన జోడిపిని పోల్చుకోవడం తేలిక. ఒళ్లు తెలుపు, కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలు. నెల్లూరు గొర్రె దేశంలోనే బాగా ఎత్తుగా పెరిగే జాతి. దాని బరువెంత, ధరెంత అని ఇక్కడ పిల్లవాడిని అడిగినా చెబుతాడు. దాని కంట్లో పీడనం ఎంత అని అడిగే పని మాత్రం ఎవరికీ పడదు. ఆ పని అర్జెంటీనాలో పడింది.

రోసానా జెరోమెట్టా, ఆస్కార్ కాండియాల బృందం 2004లో ఆవుల మీద, 2009లో గొర్రెల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు ప్రచురించింది. గొర్రెకు ఒక కంట్లో ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు రోజూ మూడు పూటలా వేశారు, రెండో కంటిని వదిలేశారు. మందు పడిన కంట్లో పీడనం కొద్ది వారాల్లోనే రెట్టింపు దాటింది. చుక్కలు ఆపాక మళ్లీ దిగింది. ఒక్క జంతువుకూ మినహాయింపు లేదు. మనుషుల్లో అందరికీ ఇలా జరగదు, సుమారు మూడింట ఒక వంతు మందికి పీడనం చెప్పుకోదగ్గంత పెరుగుతుంది. అన్నట్టు, ఆ ఆవులు బ్రాఫర్డ్ జాతివి. బ్రాఫర్డ్‌లో ఒక పాయ బ్రాహ్మణ్ పశువులది. ఆ బ్రాహ్మణ్‌ను అమెరికా వాళ్లు మన దేశం నుంచి వెళ్లిన పశువులతో తయారుచేసుకున్నారు, అందులో నెల్లూరు పేరుతో వెళ్లిన ఒంగోలు నెత్తురూ ఉంది. నెల్లూరు సంబంధం ఎక్కడ తేలుతుందో చెప్పలేం.

ఈ ప్రయోగం మనకెందుకంటే, కళ్లు ఎర్రబడ్డాయనో దురద పెడుతున్నాయనో మందుల షాపుకు వెళ్తే చీటీ అడక్కుండా చేతిలో పెట్టే చుక్కల్లో తరచూ ఉండేది స్టెరాయిడే. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది. హాయిగా ఉంది కదా అని నెలల తరబడి వేసుకుంటారు, ముఖ్యంగా ఎండాకాలం కళ్లు దురదపెట్టే పిల్లలకు వేస్తారు. లోపల పీడనం పెరుగుతున్నా నొప్పి తెలియదు. చూపు చుట్టూ అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. దాన్నే నీటికాసులు అంటాం, డాక్టర్లు గ్లకోమా అంటారు. పోయిన చూపు తిరిగి రాదు.

కంటి ముందు గదిలో పలుచని ద్రవం ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. మనిషి కంట్లో నిమిషానికి రెండున్నర మైక్రోలీటర్ల దాకా తయారవుతుంది. గది కోణంలో ఉన్న సన్నని జాలీ గుండా అంతే పరిమాణం బయటికి పోవాలి. స్టెరాయిడ్ ఆ జాలీని బిగదీస్తుంది. ఊరేది ఊరుతూనే ఉంటుంది, పోయేది తగ్గుతుంది, పీడనం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కంట్లో అది సుమారు 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. నీటికాసులకు వచ్చిన మందులన్నీ ఈ ఒక్క అంకెను దించడానికే పుట్టాయి, మనిషి దాకా వచ్చే ముందు దాదాపు అన్నీ ఎలుకో, చిట్టెలుకో, కుందేలో, కుక్కో, కోతో కంట్లో పడి వచ్చాయి. కాబట్టి ఆ జంతువుల కళ్లలో ఈ అంకెను ఎంత నమ్మకంగా చదవగలం అన్నది చిన్న ప్రశ్నేమీ కాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కంటి పీడనం కొలిచే యంత్రాన్ని టోనోమీటర్ అంటారు. సూది గుచ్చనంతవరకూ ఏ టోనోమీటరూ పీడనాన్ని నేరుగా కొలవదు. కంటి ముందుండే పారదర్శకపు పొర కార్నియాను నొక్కి, అది ఎంత ఎదురు తిరిగిందో చూసి, లోపల ఇంత ఉండాలి అని లెక్కగట్టి చెబుతుంది. సైకిల్ టైరునూ ట్రాక్టర్ టైరునూ బొటనవేలితో నొక్కి చూడండి. ట్రాక్టర్ టైరులో గాలి తక్కువున్నా వేలికి గట్టిగానే తగులుతుంది, ఎందుకంటే ఎదురు తిరిగేది గాలి ఒక్కటే కాదు, రబ్బరు కూడా. మనిషి కార్నియా మందం మధ్యలో అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. కుందేలుది 0.4 మిల్లీమీటర్లలోపు. ఎలుకది అందులో సగం కూడా ఉండదు. చిట్టెలుకది దాదాపు 0.1 మిల్లీమీటరు. గొర్రెది మనిషికంటే మందం, గుర్రానిదీ ఆవుదీ ఇంకా మందం. ఒకే బొటనవేలు వీటన్నిటినీ నొక్కి ఒకే భాషలో జవాబు చెప్పాలని మనం కోరుతున్నాం.

నిజంగా బొటనవేలితోనే, కాదు, చూపుడువేళ్లతో మొదలైంది ఈ కథ. పందొమ్మిదో శతాబ్దపు కంటి డాక్టర్లు రెప్ప మూయించి రెండు చూపుడువేళ్లతో కంటిని తడిమి గట్టిదనం చెప్పేవారు. 1905లో నార్వే డాక్టర్ షియోట్జ్ తన పేరుతో నిలిచిపోయిన పరికరం తెచ్చాడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, తిమ్మిరి చుక్క వేసి, కంటి మీద చిన్న ఇనుప పాదం ఆనిస్తారు. దాని మధ్యలోంచి 5.5 గ్రాముల బరువుతో ఒక కడ్డీ కార్నియాను గుంటపెడుతుంది. గుంట ఎంత లోతైతే పీడనం అంత తక్కువ. అంకెను పట్టికలో చూసి మార్చుకోవాలి. కరెంటు అక్కర్లేదు, ఖరీదూ తక్కువ కాబట్టి మన ఆసుపత్రుల్లో చాలా ఏళ్లు ఇదే నడిచింది. కానీ ఆ పట్టిక మనిషి కంటికోసం కట్టింది. ఆ పాదం వెడల్పు దాదాపు 10 మిల్లీమీటర్లు. పెరిగిన ఎలుక కన్ను మొత్తం కలిపినా ఆరు, ఆరున్నర మిల్లీమీటర్లే.

తరవాతి మెట్టు గోల్డ్‌మన్‌ది. 1950లలో స్విట్జర్లాండ్ నేత్రవైద్యుడు హాన్స్ గోల్డ్‌మన్ గుంటపెట్టడం మాని చదును చేయడం ఎంచుకున్నాడు. కార్నియాలో 3.06 మిల్లీమీటర్ల వ్యాసం మేర చదును కావడానికి ఎంత బలం కావాలో కొలిస్తే చాలు. ఆ విచిత్రమైన 3.06 ఎందుకంటే, సరిగ్గా ఆ వ్యాసం దగ్గర కార్నియా బిగువు బయటికి నెట్టే బలమూ, కన్నీటి పొర లోపలికి లాగే బలమూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైగా లెక్క కూడా సులువు, ఒక గ్రాము బలం 10 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. నేటికీ మనుషుల్లో ప్రమాణం ఇదే. కానీ ఆ కొట్టేసుకోవడం కుదిరేది మనిషి కార్నియాకు, అదీ సగటు మందానికి. సన్నని కార్నియా ఉన్న మనిషికే ఇది అసలుకన్నా తక్కువ చూపుతుంది. ఇక చిట్టెలుక విషయానికొస్తే, దాని కన్ను అంతా కలిపి సుమారు మూడు మిల్లీమీటర్లు. గోల్డ్‌మన్ చదును చేయమన్న వట్రమూ చిట్టెలుక కన్నూ ఒకే సైజు! అర్జెంటీనా బృందం వాడిన పెర్కిన్స్ టోనోమీటర్ ఇదే సూత్రాన్ని చేతిలో పట్టుకునే రూపంలోకి తెచ్చిన పరికరం. గొర్రెకు, ఆవుకు అది ఒప్పుతుంది, ఎందుకంటే వాటి కన్ను పెద్దది. మందం తేడా మాత్రం మిగిలే ఉంటుంది. అయినా ఒకే గొర్రెలో మందు పడిన కంటినీ పడని కంటినీ పోలుస్తున్నారు కాబట్టి ఆ తప్పు రెండు వైపులా దాదాపు సమానంగానే పడుతుంది. ప్రయోగం కట్టిన తీరులో నాకు బాగా నచ్చినది ఇదే.

చిన్న కళ్లకు మొదట పనికొచ్చింది టోనోపెన్. పేరుకు తగ్గట్టే లావుపాటి కలం. కొసన ఒక మిల్లీమీటరు కడ్డీ, దానికి బలాన్ని పసిగట్టే సెన్సర్, పైన పలుచని రబ్బరు తొడుగు. తిమ్మిరి చుక్క వేసి కార్నియాను మెల్లగా తాకిస్తూ పోతే కొన్ని తాకిళ్ల సగటు చూపుతుంది. 1990లలో అమెరికా పరిశోధకులు ఎలుకలను చేతికి అలవాటు చేసి, మత్తు లేకుండా మెలకువలోనే దీనితో కొలిచారు. కుందేళ్లలోనూ విరివిగా వాడారు. కుందేలు కంట్లో పీడనం పెరిగేకొద్దీ ఇది అసలుకన్నా తక్కువ చూపుతూ పోతుందని తేలింది. చిట్టెలుకకు మాత్రం ఆ ఒక్క మిల్లీమీటరు కూడా పెద్దదే.

అందుకే చిట్టెలుకల్లో చాలాకాలం సూదే గతి. 1997లో అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో సైమన్ జాన్ బృందం వెంట్రుకకన్నా సన్నని గాజు సూదిని చిట్టెలుక కంటి ముందు గదిలోకి పంపి రకరకాల వంశాల్లో పీడనం కొలిచింది. అంకె వంశాన్ని బట్టి మారిపోయింది, కొన్నిట్లో 8 దగ్గర, కొన్నిట్లో 13 పైన. అంటే జన్యువుల ప్రభావం ఉందన్నమాట. ఇంత మంచి పద్ధతికి ఒకటే లోపం, కంటికి రంధ్రం పడుతుంది. ఇవాళ మందు వేసి, రేపు, ఎల్లుండి, నెల తరవాత అదే కంటిని మళ్లీ కొలవాలంటే ఇది నడవదు.

దారి చూపింది ఫిన్లాండ్‌కు చెందిన ఆంటి కొంటియోలా. 2000లో ఆయన వివరించిన పద్ధతి వినడానికి ఆటలా ఉంటుంది. సన్నటి తీగలాంటి అయస్కాంత కడ్డీ, కొసన చిన్న ప్లాస్టిక్ గుండు, మొత్తం బరువు కొన్ని పదుల మిల్లీగ్రాములు. తీగచుట్టలో కరెంటు దాన్ని కంటివైపు మెల్లగా విసురుతుంది, అది కార్నియాకు తగిలి వెనక్కి వస్తుంది. కదిలే అయస్కాంతం తీగచుట్టలో వోల్టేజి పుట్టిస్తుంది కాబట్టి ఎంత వేగంగా ఆగిందో, ఎంతసేపు ఆనుకుందో యంత్రానికి తెలిసిపోతుంది. లోపల పీడనం ఎక్కువైతే గుండు త్వరగా ఆగి తిరుగుతుంది. తాకిడి ఎంత తేలికంటే తిమ్మిరి చుక్క కూడా అక్కర్లేదు. ఆరుసార్లు కొట్టి, పై అంకెనూ కింది అంకెనూ పక్కనపెట్టి, మిగతావాటి సగటు చెబుతుంది. దీన్ని వాడాలంటే చేయి నిదానం కావాలి. కడ్డీ నేలకు సమాంతరంగా ఉండాలి, కార్నియా నడిమధ్యన తగలాలి, దూరం కొద్ది మిల్లీమీటర్లకు మించకూడదు. ఇదే సూత్రం మీద మనుషులకు ఐకేర్, పశువైద్యానికి టోనోవెట్, ఎలుకలకూ చిట్టెలుకలకూ టోనోల్యాబ్ వచ్చాయి. టోనోవెట్‌లో కుక్కకు, గుర్రానికి వేర్వేరు సెట్టింగులుంటాయి, టోనోల్యాబ్‌లో ఎలుకకు ఒకటి, చిట్టెలుకకు ఒకటి. ఏ కార్నియాకు ఏ లెక్క వాడాలో యంత్రానికి ముందే చెప్పాలి. సెట్టింగు మార్చడం మరిచిపోతే అంకె ఠంచనుగా వస్తుంది, తప్పుగా వస్తుంది. నెల్లూరు గొర్రెకంటూ అందులో బటనేమీ లేదు.

మరి ఏ యంత్రం నిజం చెబుతోందో తేల్చేదెలా? ఇందుకు వాడేది ఎలక్ట్రానిక్స్ ఏమాత్రం లేని ఏర్పాటు. పూర్తి మత్తులో ఉన్న కుందేలు కంటి ముందు గదిలోకి సన్నని సూది గుచ్చి, దానికి గొట్టం తగిలించి, గొట్టం రెండో చివరను సెలైన్ సీసాకు కలుపుతారు. సీసా స్టాండు మీద పైకీ కిందికీ జరుగుతుంది, పక్కన సెంటీమీటర్ల స్కేలు. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు కాబట్టి, కంటి మట్టానికి సీసాలోని నీటి మట్టం 13.6 సెంటీమీటర్లు పైన ఉంటే కంట్లో పీడనం 10 మిల్లీమీటర్ల పాదరసం. 27.2 సెంటీమీటర్లు లేపితే 20. 54.4 దగ్గర 40. ఇక్కడ అంచనా అంటూ ఏమీ లేదు, పీడనం ఎంతో మనమే నిర్ణయిస్తున్నాం. గొట్టంలో గాలి బుడగ ఇరుక్కున్నా, సూది మొన ఐరిస్‌కు ఆనుకుని మూసుకుపోయినా మొత్తం లెక్క పాడవుతుంది, కాబట్టి సీసా జరిపిన ప్రతిసారీ కాసేపు ఆగి పీడనం నిలకడైందో లేదో చూసుకోవాలి. అప్పుడు ఒకరు టోనోమీటర్ పట్టుకుని చదువుతారు. సీసా ఎంత ఎత్తున ఉందో ఆ చదివే మనిషికి చెప్పకూడదు. తెలిస్తే చేయి తనకు తెలియకుండానే ఆ అంకె వచ్చేదాకా మళ్లీమళ్లీ కొలుస్తుంది.

అంకెలు వచ్చాక జరిగే పొరపాటు ఒకటుంది, పెద్ద పెద్ద పత్రికల్లోనూ జరిగింది. ఉదాహరణకు సీసాతో 10, 20, 30, 40 పెట్టామనుకుందాం. యంత్రం వరసగా 7, 13, 19, 25 చూపింది. ఈ రెండు వరసల మధ్య సహసంబంధం లెక్కగడితే నూటికి నూరు. గ్రాఫ్ మీద చుక్కలన్నీ ఒకే గీత మీద పడతాయి. ‘అద్భుతంగా సరిపోయింది’ అని రాసేయొచ్చు. కానీ యంత్రం ఒక్కసారి కూడా నిజం చెప్పలేదు. 10 దగ్గర 3 తక్కువ చూపింది, 40 దగ్గర ఏకంగా 15 తక్కువ. నీటికాసులు ముదురుతున్న కంటిని మామూలుకు దగ్గరగా చూపింది. రెండు పరికరాలు కలిసి పెరుగుతున్నాయా అన్నది ఒక ప్రశ్న, ఒకే మాట చెబుతున్నాయా అన్నది ఇంకొక ప్రశ్న. ఈ తేడాను వైద్యులకు గట్టిగా చెప్పింది మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ అనే ఇద్దరు బ్రిటిష్ గణాంకవేత్తలు, 1986లో లాన్సెట్ పత్రికలో. వాళ్ల సలహా సూటిగా ఉంటుంది: ప్రతి జతకూ తేడా తీయండి, ఆ తేడాను రెండింటి సగటుకు ఎదురుగా గీయండి. యంత్రం అంతటా ఒకేలా తప్పు చెబుతోందా, పీడనం పెరిగేకొద్దీ తప్పు పెరుగుతోందా, ఎంతమేర చెదురుతోందో అన్నీ కంటికి కనబడతాయి. అంతటా ఒకేలా తప్పు చెప్పే యంత్రంతో బతకొచ్చు, కూడికో తీసివేతో చేసుకుంటే సరి. ఇవాళ ఇలా, రేపు అలా చెప్పే దానితో బతకలేం.

ఆ చెదురుడుకు ఖరీదు కట్టేది జంతువులే. ఒక మందు పీడనాన్ని 3 మిల్లీమీటర్లు దించుతుందా అని తేల్చాలంటే ఎన్ని జంతువులు కావాలన్నది కొలతలు ఎంత చెదురుతున్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. మొత్తం చెదురుడు రెట్టింపైతే కావలసిన సంఖ్య నాలుగు రెట్లవుతుంది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీ ఉంది, దాని కింద ప్రతి సంస్థలోనూ జంతు నైతిక సంఘం ఉండాలి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలోని ఎలుకలకైనా, ఒక కాలేజీ ఫార్మసీ విభాగంలోని కుందేళ్లకైనా అదే నియమం: ఇన్ని ఎందుకు, తక్కువతో కాదా అన్నదానికి ముందుగా జవాబివ్వాలి. మంచి టోనోమీటర్ కొనడం ఆ జవాబులో ఒక భాగమని నా అభిప్రాయం. పరికరం మీద మిగుల్చుకున్న డబ్బు అదనపు జంతువుల రూపంలో ఖర్చవుతుంది.

యంత్రం ఎంత మంచిదైనా జంతువు తన పని తాను చేస్తుంది. ఎలుక రాత్రి తిరిగే జీవి, లైట్లు ఆర్పాక దాని కంటి పీడనం పెరుగుతుంది. ఉదయం పదింటికి కొలిచినవాళ్ల అంకెనూ రాత్రి పదింటికి కొలిచినవాళ్ల అంకెనూ పక్కపక్కన పెడితే పోలుస్తున్నది మందును కాదు, గడియారాన్ని. మెడ దగ్గర గట్టిగా పట్టుకుంటే రక్తం తిరిగి పోలేక పీడనం ఎగబాకుతుంది. కుక్క మెడపట్టీ లాగినా అంతే. భయపడకుండా మత్తిద్దామా అంటే, మత్తుమందుల్లో ఎక్కువభాగం పీడనాన్ని దించేస్తాయి, నిమిషనిమిషానికీ దించుతూ పోతాయి. అందుకే చిట్టెలుకల్లో మత్తు ఎక్కిన ఎన్ని నిమిషాలకు కొలిచారో రాయని పరిశోధనను జాగ్రత్తగా చదవాలి. పైగా జాతికీ జాతికీ మందు పనిచేసే తీరే వేరు. 1996లో అమెరికాలో అనుమతి పొందిన లాటనోప్రోస్ట్ నేడు నీటికాసులకు విరివిగా వాడే చుక్క. కుక్క కంట్లో అది పీడనాన్ని బాగా దించుతుంది. పిల్లి కంట్లో వేస్తే కనుపాప ముడుచుకుంటుందే తప్ప పీడనం దాదాపు కదలదు.

ఇదంతా బోనుల్లో ఉండే జీవాల గొడవే అనుకుంటే పొరపాటు. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ హైదరాబాద్ నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ 10,293 మంది కళ్లు పరీక్షించింది. ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం అని దాని పేరు. నీటికాసులున్నట్టు తేలినవాళ్లలో చాలామందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. వాళ్లలో ఎందరికో గోల్డ్‌మన్ యంత్రం మీద పీడనం మామూలు హద్దుల్లోనే ఉంది కూడా. ఒక్క అంకెను నమ్ముకుంటే వాళ్లంతా ఇంటికి వెళ్లిపోయేవారు.

పుట్టుకతో వచ్చే నీటికాసులు ఇంకా కఠినం. పాశ్చాత్య దేశాల్లో సుమారు 10,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 3,300 మందికి ఒకరు అని లెక్క తేలింది. జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా పాడైన జన్యువు అందాలి, మేనరికాలున్న చోట ఆ అవకాశం పెరుగుతుంది. చాలా ఇళ్లలో మొదట ఆనందమే, బిడ్డవి పెద్ద పెద్ద కళ్లని. తరవాత కళ్లు నీళ్లు కారతాయి, వెలుతురు చూడలేక బిడ్డ మొహం తిప్పేసుకుంటుంది. హైదరాబాద్‌లో అనిల్ కుమార్ మండల్ ఈ పిల్లల శస్త్రచికిత్సకే ఒక జీవితకాలం వెచ్చించారు, 2003లో ఆయనకు భట్నాగర్ పురస్కారం వచ్చింది.

ఇలాంటి బిడ్డ కంట్లో పీడనం కొలవాలంటే ప్రయోగశాలలోని చిక్కులన్నీ ఒక్కసారే ఎదురవుతాయి. ఏడుస్తూ రెప్పలు బిగిస్తే అంకె పెరుగుతుంది. మత్తిస్తే తగ్గుతుంది. నీరుపట్టి ఉబ్బిన కార్నియా ఏ పట్టికకూ లొంగదు. చిట్టెలుకకు సాయపడిన ఆ తేలికైన గుండు విసురు ఇక్కడా అక్కరకొస్తోంది, పాలు తాగుతూ బిడ్డ నిదానించిన క్షణంలో తిమ్మిరి చుక్క లేకుండానే చదవొచ్చు. అయినా డాక్టర్లు ఆ అంకెతో ఆగరు. మత్తులో ఉన్నప్పుడు కాలిపర్ తీసి కార్నియా అడ్డం వెడల్పు కొలుస్తారు. అప్పుడే పుట్టిన బిడ్డకు అది 10 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ఏడాది లోపు 12 దాటితే, టోనోమీటర్ ఏం చూపినా సరే, ఆ కంట్లో పీడనం ఎక్కువగా ఉందనే అనుమానించి మిగతా పరీక్షలన్నీ చేస్తారు. మత్తు పీడనాన్ని దించగలదు గానీ, సాగిపోయిన కార్నియాను కుదించలేదు.